తలకు తగిలిన దెబ్బ, రిఫరీ చూసిన దెబ్బ

1962 సెప్టెంబర్ 4, జకార్తా. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో మనకు ఎదురుగా దక్షిణ కొరియా. మన డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు అంతకుముందు థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఆయన్ని పక్కన కూర్చోబెట్టలేదు. వెనక వరుసలోంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, ఫైనల్లో మరో గోల్ జర్నైల్ కొట్టారు. 2-1తో మనకు బంగారు పతకం వచ్చింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశంలోనే మేటిగా తీర్చిదిద్దిన రహీమ్ సాబ్‌కు అదే చివరి పెద్ద విజయం. తర్వాతి ఏడాది జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది.

ఆ జట్టులో తులసీదాస్ బలరాం కూడా ఉన్నారు. ఆయన పుట్టిన ఊరు అమ్ముగూడ. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే రైలు మార్గంలో అల్వాల్, బొల్లారం కంటే ముందు వచ్చే చిన్న స్టేషన్ అది. 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడిన మనిషి ఈ పట్టాల పక్క బస్తీలోంచి వెళ్లారు. నగరం ఉత్తర శివార్లలో ఫుట్‌బాల్ గురించి రాయాలంటే అక్కడినుంచి మొదలుపెట్టడం న్యాయం.

జకార్తా కథను అరవై ఏళ్లుగా ధైర్యసాహసాల కథగా చెప్పుకుంటున్నాం. చెప్పుకోవాలి కూడా. కానీ తలకు కుట్లు పడ్డ ఆటగాడు బరిలోకి దిగొచ్చా లేదా అన్నది ఆ రోజు ఎవరు తేల్చారు? రిఫరీకి ఆ అధికారం లేదు. వైద్యుడి మాటే చివరి మాట అన్న నియమమూ అప్పుడు లేదు. కోచ్, ఆటగాడు, గెలవాలన్న తపన కలిసి తేల్చాయి. ఇప్పుడు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో కెమెరాలు, వైద్య బృందాలు, పేజీలకొద్దీ నియమాలు ఉన్నాయి. అయినా తలకు దెబ్బ తగిలిన ప్రతిసారీ ఒక రిఫరీ ఒకలా, ఇంకో రిఫరీ ఇంకోలా తీర్పు ఇస్తూనే ఉన్నారు.

ఒక వారాంతం చాలు ఉదాహరణకు. 2017 సెప్టెంబర్ 9న ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ, లివర్‌పూల్ జట్ల మ్యాచ్. గాల్లో వస్తున్న బంతి కోసం సాడియో మానే కాలెత్తాడు. అదే బంతి కోసం తలతో ముందుకొచ్చిన గోల్‌కీపర్ ఎడెర్సన్ ముఖానికి ఆ బూటు తగిలింది. ఎడెర్సన్‌ను స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. మానేకు రెడ్ కార్డు, మూడు మ్యాచ్‌ల నిషేధం. మర్నాడే స్వాన్సీలో న్యూకాజిల్ ఆటగాడు మాట్ రిచీ ఎత్తిన కాలు ఆల్ఫీ మాసన్ ముఖానికి తగిలింది. అతనికి ఎల్లో కార్డుతో సరిపెట్టారు. ఒకే లీగ్, ఒకే నియమావళి, మధ్యలో ఒక్క రాత్రి. అభిమానులు పక్షపాతం అన్నారు. నేను అలా అనుకోను. ఇద్దరు నిజాయితీపరులైన రిఫరీలు ఆ నియమాన్ని చేతబట్టుకుని అలాంటి రెండు ఘటనలకు రెండు తీర్పులు ఇవ్వగలరు. నియమం కొలిచేది ఒకటి, మెదడుకు హాని చేసేది మరొకటి కావడమే దానికి కారణం.

ముందు మెదడు సంగతి చూద్దాం. పుర్రె లోపల మెదడు ఎముకకు అతుక్కుని ఉండదు. మెత్తటి కణజాలం, చుట్టూ పలుచని ద్రవం. సాయంత్రం కిక్కిరిసిన మేడ్చల్ బస్సులో నిలబడి ప్రయాణించినవాళ్లకు తెలుసు: డ్రైవర్ బ్రేకు వేస్తే బస్సు ఆగుతుంది, మనుషులు ముందుకు తూలుతారు. అదే బస్సు వేగంగా మలుపు తిరిగితే కాళ్లు ఒకవైపు, ఒళ్లు ఒకవైపు మెలిపడతాయి. తల అకస్మాత్తుగా కదిలినా, ఆగినా మెదడుకు జరిగేది ఇదే. నేరుగా వచ్చే తాకిడి కంటే తలను గిర్రున తిప్పే తాకిడి ఎక్కువ చేటు చేస్తుందని పరిశోధకుల అంచనా. తిరిగేటప్పుడు మెదడులోని వేర్వేరు పొరలు వేర్వేరు వేగాలతో కదులుతాయి. వాటి మధ్య పరుచుకున్న సన్నని నాడీతంతువులు సాగిపోతాయి.

తంతువు సాగినప్పుడు దాని గోడలోని సూక్ష్మ ద్వారాలు వేళకాని వేళ తెరుచుకుంటాయి. కణం లోపల ఉండాల్సిన పొటాషియం బయటికి పోతుంది, బయట ఉండాల్సిన కాల్షియం లోపలికి వస్తుంది. ఈ చెల్లాచెదరును సర్దడానికి కణంలోని పంపులు ఒక్కసారిగా పనిలోకి దిగుతాయి, వాటికి బోలెడు గ్లూకోజ్ కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఇంధనం ఎక్కువ అవసరమైన వేళ సరఫరా పడిపోతుందన్నమాట. ఎక్కువగా జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిన ఈ వరుసే కంకషన్ అనే మెదడు గాయానికి మూలమని ఇప్పుడు వైద్యులు భావిస్తున్నారు. తల దిమ్ముగా ఉండటం, మాట నెమ్మదించడం, వెలుతురు భరించలేకపోవడం, స్కోరు గుర్తు రాకపోవడం అన్నీ ఆ శక్తి కొరత గుర్తులు. కోలుకోవడానికి కొందరికి రోజులు, కొందరికి వారాలు పడుతుంది. ఆ లోపు ఇంకో దెబ్బ తగిలితే, మొదటిది సర్దుకోని కణాల మీద రెండోది పడుతుంది. చిన్న వయసు ఆటగాళ్లలో ఇలా రెండో దెబ్బకు మెదడు విపరీతంగా వాచి ప్రాణం పోయిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి.

ఇందులో రిఫరీకి కనిపించేది ఏమిటి? దాదాపు ఏమీ లేదు. కంకషన్ అయినవాళ్లలో స్పృహ తప్పేది పదిమందిలో ఒకరికంటే తక్కువ. రక్తం రాకపోవచ్చు, బొప్పి కట్టకపోవచ్చు. ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసినా మామూలుగానే కనిపించవచ్చు. ఆ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని పట్టుకుంటుంది గానీ కణాల లోపలి కలవరాన్ని పట్టుకోలేదు. కనుబొమ మీద చర్మం చిట్లి ముఖమంతా రక్తమైన ఆటగాడి మెదడుకు ఏమీ కాకపోవచ్చు. భుజం తగిలి పడి, లేచి, దుమ్ము దులుపుకుని పరుగెత్తినవాడి మెదడే దెబ్బతిని ఉండవచ్చు.

ఇప్పుడు నియమం వైపు రండి. ఫుట్‌బాల్ నిబంధనల్లో 12వది ఫౌల్స్ గురించి. తాకిడి అజాగ్రత్తతో జరిగిందా? అయితే ఫ్రీ కిక్ మాత్రమే. ఎదుటివాడికి ప్రమాదమని పట్టించుకోకుండా జరిగిందా? ఎల్లో కార్డు. మితిమీరిన బలంతో జరిగిందా, ఎదుటివాడి భద్రతకే ముప్పు తెచ్చిందా? రెడ్ కార్డు. కాలు ఎత్తాడు గానీ ఎవరికీ తగల్లేదా? ప్రమాదకరమైన ఆట కింద పరోక్ష ఫ్రీ కిక్. ఈ మెట్లన్నీ కొట్టినవాడు ఏం చేశాడన్నదాన్ని కొలుస్తాయి. దెబ్బ తిన్నవాడికి ఏమైందన్న ప్రశ్న వీటిలో లేదు. శిక్ష వేయడానికి అదే సరైన పద్ధతి కూడా. తప్పు లేకుండా తలలు ఢీకొంటే ఎవరిని శిక్షిస్తాం? 2020 నవంబర్‌లో డేవిడ్ లూయిజ్, రౌల్ హిమెనెజ్ తలలు ఢీకొన్నాయి. హిమెనెజ్ పుర్రె చిట్లింది. అది కావాలని చేసింది కాదని చూసినవారందరికీ తెలుసు. తలకు కట్టు కట్టించుకున్న లూయిజ్‌ను విరామం దాకా ఆడనిచ్చారు. ఆ సాయంత్రం అసలు పొరపాటు ఆ ఆడనివ్వడమే. దానికి ఏ కార్డూ విరుగుడు కాదు.

మెట్ల మధ్య గీతలు సన్నగా ఉంటాయి. ఏ మెట్టో తేల్చడానికి రిఫరీకి దొరికేది ఒక్క క్షణం, ఒక్క కోణం, మధ్యలో అడ్డొచ్చే నలుగురైదుగురు ఆటగాళ్లు. పైగా మనిషి బుద్ధిని చుట్టుపక్కల పరిస్థితులు లాగుతాయి. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఇంగ్లండ్ రిఫరీలకు ఒక మ్యాచ్ వీడియోలోని తాకిళ్లను చూపించారు. కొందరికి స్టేడియం హోరు వినిపించారు, కొందరికి వినిపించలేదు. హోరు విన్నవారు సొంత మైదానం జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వారెవరూ మోసగాళ్లు కాదు. చెవిన పడ్డ అరుపు కంటి తీర్పును ఓ రవ్వ జరిపింది, అంతే.

వీడియో రివ్యూ వస్తే ఇదంతా పోతుందని ఆశపడ్డాం. వీఏఆర్ కొన్ని ఘోరమైన పొరపాట్లను ఆపింది, కాదనను. 1982 ప్రపంచకప్ సెమీఫైనల్లో పశ్చిమ జర్మనీ కీపర్ షుమాకర్ గాల్లోకి ఎగిరి ఫ్రాన్స్ ఆటగాడు బాటిస్టన్‌ను ఢీకొట్టాడు. బాటిస్టన్ స్పృహ తప్పాడు, పళ్లు ఊడాయి, వెన్నుపూస దెబ్బతింది. రిఫరీ ఫౌల్ కూడా ఇవ్వలేదు, గోల్ కిక్‌తో ఆట సాగింది. ఈరోజైతే అది తప్పించుకునే దారి లేదు. కానీ ఫౌల్స్ విషయంలో వీఏఆర్ తలదూర్చేది నేరుగా రెడ్ కార్డు పడాల్సిన సందర్భంలో, లేదా గోల్, పెనాల్టీ ముడిపడ్డప్పుడు. ఎల్లో కార్డుకు సరిపోయే తల దెబ్బను అది చూసినా చెప్పదు. ఇంకో చిక్కు స్లో మోషన్. అదే తాకిడిని నెమ్మదిగా చూపిస్తే చూసేవారికి అది కావాలని చేసినట్టు తోస్తుందని అమెరికాలో 2016 నాటి పరిశోధన చూపింది. యూరప్ రిఫరీల మీద చేసిన మరో అధ్యయనంలో స్లో మోషన్ చూసినప్పుడు ఫౌలా కాదా అన్న తీర్పు పెద్దగా మెరుగుపడలేదు గానీ కార్డుల శిక్షలు కఠినమయ్యాయి. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లోనైతే 2024-25 సీజన్ దాకా వీఏఆర్ లేదు. 2021-22లో టైటిల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లైనా, ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ మ్యాచ్‌లైనా నడిపింది రిఫరీ, లైన్ల మీది సహాయకుల కళ్లే.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది 12వ నిబంధన కాదు, 5వది. రిఫరీ అధికారాలు చెప్పే ఆ నిబంధన ప్రకారం గాయపడి మైదానంలో చికిత్స చేయించుకున్న ఆటగాడు గీత దాటి బయటికి వెళ్లాలి. ఆట మొదలయ్యాకే, రిఫరీ సైగ చేస్తేనే మళ్లీ లోపలికి రావాలి. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గోల్‌కీపర్ గాయపడితే వెళ్లనక్కర్లేదు. ఎదుటి ఆటగాడికి ఎల్లో గానీ రెడ్ గానీ పడిన ఫౌల్ వల్ల గాయమై, చికిత్స త్వరగా ముగిస్తే కూడా వెళ్లనక్కర్లేదు. చూడటానికి ఇది న్యాయంగానే ఉంది. తప్పు చేసింది వాళ్లైతే మన జట్టు పదిమందితో ఎందుకు ఆడాలి? కానీ ఫలితం చూడండి. కార్డు పడితే గాయపడినవాడు లోపలే ఉండొచ్చు, కానీ గబగబా లేవాలి. పడకపోతే బయటికి పోవాలి, అప్పుడు జట్టుకు ఒక మనిషి తక్కువ. రెండు దారుల్లోనూ డాక్టర్ మీద ఒత్తిడే. మెదడు పరీక్ష ఎంతసేపు జరగాలన్నది రిఫరీ జేబులోంచి కార్డు తీశాడా లేదా అన్నదాని మీద ఆధారపడటం నాకు ఏ విధంగానూ మింగుడుపడదు.

ఎంతసేపు జరగాలి మరి? 2001లో వియన్నాలో మొదలై, 2022 అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆరోసారి సమావేశమైన అంతర్జాతీయ నిపుణుల బృందం క్రీడల్లో కంకషన్‌ను గుర్తించడానికి ఒక పరీక్ష పత్రం రూపొందించింది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఒంటికాలి మీద నిలకడ, కంటి కదలిక అన్నీ చూసే ఆ పరీక్షకు కనీసం పది నుంచి పదిహేను నిమిషాలు కావాలి. 2014లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య, ఫిఫా కొత్తగా తెచ్చిన ఏర్పాటు ప్రకారం తలకు దెబ్బ తగిలితే రిఫరీ ఆట ఆపగలిగే సమయం మూడు నిమిషాలు.

ఆ మూడు నిమిషాలు కూడా ఊరికే రాలేదు. 2014 ప్రపంచకప్ ఫైనల్ పదిహేడో నిమిషంలో అర్జెంటీనా ఆటగాడు గరాయ్ భుజం జర్మనీ కుర్రాడు క్రిస్టఫ్ క్రామర్ ముఖానికి తగిలింది. కార్డు రాలేదు. క్రామర్ లేచి ఆడసాగాడు. కాసేపటికి రిఫరీ నికోలా రిజోలీ దగ్గరికి వచ్చి ఇది ఫైనలేనా అని అడిగాడు. రిజోలీ ఆ సంగతి జర్మనీ ఆటగాడు ష్వైన్‌స్టైగర్‌కు చెప్పారు. 31వ నిమిషంలో క్రామర్‌ను బయటికి పంపారు. ప్రపంచం చూస్తుండగా పద్నాలుగు నిమిషాల పాటు దెబ్బతిన్న మెదడుతో ఒక మనిషి పరుగెత్తాడు. ఆ టోర్నీ 64 మ్యాచ్‌ల వీడియోలను పరిశోధకులు తర్వాత పరిశీలించి, 81 మంది ఆటగాళ్ల తలకు తాకిళ్లు తగిలినట్టు గుర్తించారు. వారిలో వైద్య సిబ్బంది పరీక్షించింది 15 శాతం మందిని. 26 శాతం మందిని ఎవరూ పట్టించుకోలేదు. మిగిలినవారిలో ఎక్కువమందిని చూసింది తోటి ఆటగాళ్లు, రిఫరీలు.

నిబంధనలు రాసే ఐఎఫ్‌ఏబీ కదలలేదని కాదు. 2021లో ప్రయోగంగా మొదలైన అదనపు కంకషన్ సబ్‌స్టిట్యూట్ 2024 జులై నుంచి నిబంధనల్లో స్థిరపడింది. దాన్ని ఎంచుకున్న పోటీల్లో ప్రతి జట్టు ఒక ఆటగాణ్ని, మామూలు మార్పిడుల లెక్కలోకి రాకుండా, తల దెబ్బ కారణంగా మార్చుకోవచ్చు. ఎదుటి జట్టుకూ ఒక అదనపు మార్పిడి దొరుకుతుంది. అయితే వెళ్లినవాడు తిరిగి రాకూడదు. రగ్బీలో దెబ్బతిన్న ఆటగాణ్ని తాత్కాలికంగా బయటికి తీసుకెళ్లి పరీక్ష చేస్తారు. ఆలోగా ఇంకొకడు ఆడతాడు, బాగుంటే మొదటివాడు తిరిగొస్తాడు. ఆటగాళ్ల సంఘాలు, ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌కూ అదే కావాలన్నాయి. 2023లో ఐఎఫ్‌ఏబీ ఒప్పుకోలేదు. అనుమానం ఉంటే శాశ్వతంగా తీసేయడమే క్షేమమన్నది దాని వాదన. వాదనలో నిజం ఉంది, ఎందుకంటే కొన్ని లక్షణాలు గంటల తర్వాత గానీ బయటపడవు. కానీ కీలకమైన మ్యాచ్‌లో, మూడు నిమిషాల్లో, మేటి ఆటగాణ్ని శాశ్వతంగా తీసేయమని ఒక జట్టు డాక్టర్ ఎంత తేలిగ్గా చెప్పగలడు? తాత్కాలిక మార్పిడి ఉంటే ఆ మాట ముందే, ఎక్కువసార్లు, భయం లేకుండా చెప్పగలడని నా అభిప్రాయం.

కార్డులు పనికిరావని మాత్రం అనుకోవద్దు. 2006లో, తలకు కావాలని మోచేత్తో కొడితే నేరుగా రెడ్ కార్డు ఇవ్వాలని రిఫరీలకు ఆదేశం వెళ్లింది. జర్మనీ బుండెస్‌లీగాలో పదమూడు సీజన్ల లెక్కలు తీస్తే ఆ మార్పు తర్వాత తల గాయాల రేటు 29 శాతం తగ్గింది. నియమం స్పష్టంగా ఉండి, చూసి చెప్పగలిగేదై ఉండి, తీర్పులో ఊగిసలాటకు చోటు తక్కువైతే ఆటగాళ్లు మోచేతులు దించుకుంటారు. అయితే తల గాయాలన్నీ మోచేతుల వల్లే రావు. తలకు తల, తలకు నేల, తలకు తోటి ఆటగాడి మోకాలు తగిలేవీ ఉన్నాయి. 2022 ప్రపంచకప్‌లో ఇరాన్ కీపర్ బైరాన్వంద్ సొంత జట్టువాడితోనే ఢీకొన్నాడు. అతన్నీ కాసేపు ఆడనిచ్చి, కూలబడ్డాక తీశారు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్లతో సంబంధం లేని నాడీవైద్యులను మైదానంలో పెట్టారు. అయినా 2022 సెప్టెంబర్‌లో మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాంగోవైలోవా ఒక మ్యాచ్‌లో తల తగిలి తూలిపడ్డాడు, తిరిగొచ్చి ఆడాడు. నాలుగు రోజుల్లోనే ఇంకో మ్యాచ్‌లో మళ్లీ పడి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తర్వాత ఆ లీగ్ తూలడమనే లక్షణాన్ని, మరో ప్రశ్న లేకుండా ఆటగాణ్ని తప్పించాల్సిన జాబితాలో చేర్చింది. నాకు అందులో నచ్చింది ఆ స్పష్టతే. తూలాడా, అయితే ఇవాళ్టికి ఆట అయిపోయింది. ఎవడు కొట్టాడు, కావాలని కొట్టాడా అన్నది వేరే గదిలో తేల్చుకోవచ్చు.

ఇదంతా ఒక్క మ్యాచ్‌తో పోయే సంగతైతే ఇంత రాయనక్కర్లేదు. స్కాట్లాండ్‌లో 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల మరణాలను సాధారణ జనంతో పోల్చి గ్లాస్గో పరిశోధకులు 2019లో లెక్క చెప్పారు: నాడీ క్షీణత వ్యాధులతో చనిపోయే అవకాశం ఆటగాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు. స్వీడన్‌లో 2023 నాటి అధ్యయనంలో ముప్పు ఒకటిన్నర రెట్లుగా తేలింది, గోల్‌కీపర్లలో మాత్రం పెరుగుదల కనిపించలేదు. కీపర్లు బంతిని తలతో కొట్టేది తక్కువ. కంకషన్ దాకా రాని చిన్న చిన్న తాకిళ్లు కూడా ఏళ్లతరబడి పోగుపడితే లెక్కలోకి వస్తాయేమోనన్న అనుమానానికి ఇది బలమిస్తోంది.

ఇక మన శివార్లకు వద్దాం. మేడ్చల్ హైవే మీద, శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి వెంట, ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్ల పక్కన వల కప్పిన టర్ఫ్‌లు వెలిశాయి. హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది, చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. శనివారం రాత్రి లైట్ల కింద ఐదుగురేసి ఆడే టోర్నీల్లో రిఫరీ అంటే చాలాసార్లు తర్వాతి మ్యాచ్ కోసం ఎదురుచూస్తున్న జట్టులోని ఒక కుర్రాడు. మైదానం చిన్నది, గోడలా వల, దగ్గర్లోనే ఇనుప స్తంభాలు, గడ్డి కింద గట్టి నేల. తల తగిలితే ముఖం మీద నీళ్లు కొట్టి, ఏం కాలేదులే అని భుజం తడతారు. ప్రొఫెషనల్ ఆటలో డాక్టర్‌కు దొరికే మూడు నిమిషాలు ఇక్కడ ముప్పై సెకన్లు.

కానీ ఇక్కడ ఒక మేలు ఉంది. ఐదుగురి ఆటలో మార్పిడులకు లెక్క లేదు, బయటికి వెళ్లినవాడు తిరిగి రావచ్చు. అంటే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌ను పట్టి పీడిస్తున్న ఆ పదిమంది సమస్య ఇక్కడ లేనే లేదు. దెబ్బతిన్నవాణ్ని తీసేస్తే జట్టుకు ఒక మనిషి తగ్గడు. కాబట్టి నిర్వాహకులు ఎంట్రీ ఫీజు తీసుకునేటప్పుడే ఒక నియమం చెప్పొచ్చు: తలకు దెబ్బ తగిలి తూలినా, తెల్లమొహం వేసినా, లేవడానికి ఆలస్యమైనా ఆ రోజుకు ఆట లేదు. ఫౌల్ అయిందా, ఎవరి తప్పు అన్నదానితో దీనికి సంబంధం లేదు. ఎదుటి జట్టువాడు చెప్పినా చెల్లుతుంది.

అనుమానంగా ఉంటే అడగడానికి ప్రశ్నలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 1995లో మాడక్స్ అనే పరిశోధకుడి బృందం పరీక్షించి చూసినవి ఇవి: ఇప్పుడు మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండోదా? చివరి గోల్ ఎవరు కొట్టారు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం? గెలిచామా? నీ పేరేంటి, ఇవాళ ఏ వారం అని అడిగితే దెబ్బతిన్నవాళ్లు కూడా చాలామంది సరిగ్గానే చెబుతారు. ఇటీవలి సంగతులే ముందు జారిపోతాయి. ఒక్కటి తప్పినా వాణ్ని బయట కూర్చోబెట్టాలి. అన్నీ సరిగ్గా చెప్పినంత మాత్రాన మళ్లీ దింపవద్దు. మెడనొప్పి, వాంతులు, మూర్ఛ, రెండుగా కనిపించడం, చేయి గానీ కాలు గానీ తిమ్మిరెక్కడం, తలనొప్పి అంతకంతకూ పెరగడం, మత్తుగా జారిపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడ నొప్పి ఉంటే 108 అంబులెన్స్ వచ్చేదాకా కదపకూడదు.

మిగతావాళ్లను కూడా ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. బండి తాళం తీసుకుని ఇంకొకరు దింపి రావాలి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోను వాడకం తగ్గింపు, తర్వాత నడక, ఆ తర్వాత మెల్లగా పరుగు. లక్షణాలన్నీ పోయి డాక్టర్ సరేనన్న తర్వాతే తలకు తగిలే ఆట. ఆ కుర్రాడు చిన్నవాడైతే విషయం ఇంట్లో అమ్మానాన్నలకు ఆ రాత్రే చెప్పాలి, సోమవారం పీఈటీ సార్‌కూ చెప్పాలి.